కడిగే పని లేదు

మా నాయన చేతికి ఏ వస్తువు వచ్చినా ముందు వేలు మడిచి తట్టి చూస్తాడు. కుండ, తలుపు, పుచ్చకాయ, ఒకసారి నా పదో తరగతి గైడు కూడా. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా మిషను మీద పని ఆయనది. బండ ఖణీమని పలికితే మంచిది. దబ్బుమంటే లోపల చీలిక ఉన్నట్టు. ఆయన లెక్కలో వస్తువులు రెండే రకాలు, పలికేవి, పలకనివి. మనుషుల్లో రెండో రకం నేనేనని మా పెద్దనాయన నవ్వేవాడు.

నా పరీక్షలు అయిపోయిన మరునాడే నాయన గుర్రం కొట్టంలో పాలిష్ బండలు పరిచాడు.

గుర్రం పేరు చాందిని. ఆడగుర్రం, పాలతెలుపు. పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ దాన్ని నడిపించుకుపోయేది పెద్దనాయన, పెద్ద ఈరన్న. మేత, కొట్టం చూసేది నాయన, చిన్న ఈరన్న. పొద్దున్నే కడిగేది నేను. రాత్రి లద్ది మీదే పడుకొని లేస్తుంది కాబట్టి రోజూ దాని ఎడమ డొక్క నుంచి తొడ దాకా పచ్చటి మరక ఉండేది. సబ్బు పెట్టి కొబ్బరి పీచుతో రుద్దితే గాని పోయేది కాదు. బడిలో నా చేతుల వాసనకు పక్కనున్న అంజలి బెంచీ చివరికి జరిగేది.

ఆ బండలు నిజానికి వంటింటి కోసం అనుకున్నవి. ఫ్యాక్టరీలో అంచు విరిగి పక్కన పెట్టినవాటిని నాయన ఏడాదిగా ఒక్కొక్కటే తెచ్చి ఇంటి గోడకు ఆనించాడు. అమ్మ రోజూ వాటిని లెక్కపెట్టుకునేది. చివరికి అవి కొట్టంలోకి వెళ్లాయి.

"గుర్రాన్ని మాట్లాడుకోను వచ్చేటోళ్లు మన వంటిల్లు చూస్తారా, కొట్టం చూస్తారా?" అన్నాడు నాయన.

"నాకు మట్టినేల, దానికి పాలిష్ బండ. వచ్చే జన్మకు గుర్రమై పుడతాలే," అంది అమ్మ. వారం రోజులు ఆయనకు కూర వడ్డించేటప్పుడు గరిటె చప్పుడు ఎక్కువగా వినిపించింది.

బండలు అద్దంలా ఉన్నాయి. చాందిని గడప దాకా వచ్చి, కింద తన ముఖం చూసుకొని వెనక్కి తగ్గింది. నాయన నవ్వుతూ జూలు పట్టి లోపలికి నడిపించాడు.

నా డైరీ ఎరువుల అంగడి వాళ్లు పంచినది. పోయిన ఏడాదిది, వారాలు కలవవు, తేదీలు కలుస్తాయి. అందులో ఇలా రాశాను: "ఏప్రిల్ 5. చాందిని మీద మరక లేదు. కడిగే పని లేదు."

"చూసినావా మాదేవీ, బండ వేసినాక ఎంత తెల్లగా ఉండాదో," అన్నాడు నాయన. నాకూ సంతోషంగానే ఉంది. ఏప్రిల్ ఏడున "కడిగే పని లేదు. హాయి," అని రాసుకున్నాను.

*

ఆ ఎండాకాలం ఇంట్లో ఎవరమూ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. నేను ఫలితాల కోసం ఎదురుచూస్తూ వాకిలికీ పెరటికీ తిరిగేదాన్ని. చాందిని కొట్టంలో ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడేది. పగలల్లా డెక్కల చప్పుడే. టక్, టక్. అమ్మ రొట్టెలు తడుతూ విసుక్కునేది. "దానికేమన్నా బస్సుకు టైమయిందా?"

ఏప్రిల్ చివర్లో డోన్‌లో పెళ్లికి వెళ్లిన పెద్దనాయన మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. గుర్రానికి కట్టిన జరీగుడ్డ భుజం మీద వేసుకొని ఉన్నాడు. తలపాగా చేతిలో ఉంది.

"ఏమైందన్నా?" అన్నాడు నాయన.

"ఏమవుతాది. మేళం కాడ నిలబెడితే నిలబెట్టినట్టే ముందుకాళ్లు మడిచింది. పెండ్లికొడుకు మెడ పట్టుకొని ఏలాడినాడు. వాళ్ల బామ్మర్దులు ఫోన్లల్ల తీసినారు. ఆ వీడియో ఈపాటికి బనగానపల్లె దాంక పోయింటాది."

"యాడన్నా తట్టుకుందేమో."

"నిలబడిన గుర్రం యాడ తట్టుకుంటాదిరా? కాలు పోయింది దానికి. మైదుకూరు బొజ్జన్న కొంటానని అడుగుతాండాడు. ఉన్న పేరు పోకముందే ఇచ్చేద్దాం."

మా అవ్వ మహాదేవమ్మ బతికున్నప్పుడు, చాందిని ఏడాది పిల్లగా ఇంటికి వచ్చింది. ఆమె పేరే నాది. అత్త పేరు పలకకూడదని అమ్మ నన్ను పాపా అనే పిలుస్తుంది. అవ్వ పోయేముందు, గుర్రాన్ని అమ్మి గడప దాటించొద్దని నాయన చేయి పట్టుకొని చెప్పింది. పెద్దనాయనకు ఆ సంగతి తెలుసు. అందుకే ఆ మాట అన్నాక నాయన ముఖం చూడకుండా తలపాగా దులుపుకుంటూ వెళ్లిపోయాడు.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు యేసుప్రసాద్ వచ్చి కాళ్లు చూశాడు. రెండు మోకాళ్ల మీదా వెంట్రుక పోయి తోలు ఎర్రగా ఉంది.

"ఈ గాయం డోన్‌లో అయింది కాదు. పాతది కూడా ఉండాది. కొట్టంలో జారుతాందేమో."

"నేను పట్టిన పాలిష్. ఒక్క గీత ఉండదు," అన్నాడు నాయన.

"జారల్లనే గదా చిన్న ఈరన్నా నువ్వు పాలిష్ పట్టేది," అని యేసుప్రసాద్ చేతులు కడుక్కున్నాడు. "రబ్బరు మ్యాటు వేయండి. ఆవులకు వేస్తారే, అట్లాంటిది. నంద్యాలలో దొరుకుతాది."

*

మ్యాటు కొనడానికి నాయన నన్ను వెంట తీసుకెళ్లాడు. కొలతలు రాసుకోవడానికి ఒకరు ఉండాలని.

పాడి సామాన్ల అంగడి బస్టాండు దగ్గరే ఉంది. అంగడాయన మూడు రకాలు కింద పరిచాడు. ఒకటి పలచగా, చెక్కలా గట్టిగా ఉంది. రెండోది మందంగా, పైన గుండ్రటి బొడిపెలతో, అడుగున నీళ్లు పోవడానికి గాడులతో ఉంది. మూడోది ఎర్రటి స్పాంజి లాంటిది.

నాయన గొంతుకూర్చొని బొడిపెల మ్యాటును వేలితో తట్టాడు. చెవి దగ్గర పెట్టి మళ్లీ తట్టాడు.

"ఇది పలకదే," అన్నాడు.

"రబ్బరు పలుకుతాదా అన్నా? బేతంచెర్ల నుంచి వస్తాండారా?"

"ఎట్ల కనుక్కున్యావు?"

"చెవుల్ల తెల్లదుమ్ము. పైగా తడతాండావు. మీ ఊరోళ్లు నీళ్ల ట్యాంకు కొన్యా తడతారు, బర్రెను కొన్యా తడతారు."

నాయన నవ్వలేదు. పలచటిదాన్ని తట్టాడు. కొంచెం టక్కుమంది. ఆయన ముఖం తేరుకుంది.

నేను చెప్పు విడిచి బొడిపెలదాని మీద ఒక కాలు పెట్టి చూశాను. మడమ కొంచెం దిగి ఆగింది. వేళ్లకు పట్టు దొరికింది. పలచటిదాని మీద పెడితే మా కొట్టంలో బండ మీద పెట్టినట్టే ఉంది.

"నాయనా," అన్నాను. ఫ్యాను చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. అంగడాయన మాత్రం తలెత్తాడు.

"ఏం పాపా?"

"ఏం లేదు."

పలచటిదే కట్టించుకొని వచ్చాం. బస్సులో ఉండగా అంజలి ఫోన్ చేసింది, ఫలితాలు వచ్చాయని. నాకు ఐదు వందల పన్నెండు. నాయన చుట్టూ ఉన్నవాళ్లందరికీ చెప్పాడు. నేను కాళ్ల దగ్గర చుట్టి ఉన్న మ్యాటునే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు డైరీలో మార్కులు రాసి, కింద "నేను చెప్పలేదు," అని రాశాను.

బండల మీద ఆ మ్యాటు నిలవలేదు. చాందిని అడుగు వేస్తే జానెడు జరిగేది. ఉచ్చ దాని కిందికి పోయి బండ ఇంకా జారేది. నాయన నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. చాందిని గోడకు ఆనుకొని, మ్యాటు లేని మూలలో నిలబడడం నేర్చుకుంది.

మే ఆరున మధ్యాహ్నం నేను నీళ్ల బకెట్టుతో వెళ్లాను. ఎండ రేకుల మీద చిటపటమంటోంది. చాందిని కింది పెదవి వేలాడుతోంది. కళ్లు మూతపడ్డాయి. తల కొంచెం కొంచెంగా కిందికి దిగింది. ఉన్నట్టుండి ముందుకాళ్లు మడతపడి మోకాళ్లు బండకు టప్పున తగిలాయి. ఉలిక్కిపడి లేచింది. నన్ను చూసి చెవులు నిక్కించింది. కాసేపటికి మళ్లీ కళ్లు మూసింది.

అది జారడం కాదు. పరీక్షల ముందు పుస్తకం మీద నా తల అట్లాగే వాలేది.

ఎవరికైనా చెప్పాలనుకున్నాను. నాయన షిఫ్టులో ఉన్నాడు. అమ్మకు చెప్పబోతే, "గుర్రాలు నిలబడే నిద్రపోతాయి పాపా, అది అందరికీ తెలిసిందేగా," అంది. నిజమే, నాయన ఎప్పుడూ అదే చెప్పేవాడు.

*

రెండు రోజులకు బొజ్జన్న వచ్చాడు. లావుపాటి మనిషి, మాట మెల్లగా. కొట్టంలోకి రాకముందు చెప్పులు విడిచాడు. పళ్లు చూశాడు. నుదుటి మీద, మెడ కింద సుళ్లు చూశాడు. మోకాళ్లు చూసి పెదవి విరిచాడు. నాయన, పెద్దనాయన ఆయన పక్కన ఉన్నారు. నేను గడప దగ్గర తాడు పట్టుకొని నిలబడ్డాను.

"కాళ్ల సంగతి అట్ల ఉండనీ," అన్నాడు డొక్క మీద చెయ్యి వేసి. "ఇంత తెల్లగా ఎట్ల పెట్టుకుంటాండారప్పా? నా కాడ నాలుగుండాయి. పొద్దున లేస్తే ఒక పక్కంతా పచ్చగా, నలుగు పెట్టుకొన్న పెండ్లికూతుర్ల మాదిరి లేస్తాయి."

"మా తమ్ముడు పాలిష్ బండ వేసినాడు గదా," అన్నాడు పెద్దనాయన. "మచ్చ అంటదు."

నా చేతిలో తాడు బిగుసుకుంది. మరక ఎందుకు అంటదు? లద్ది వేస్తూనే ఉంది. ఉచ్చ పోస్తూనే ఉంది. బండ మారితే మరక ఎందుకు అంటదు?

"పండుకోలేదు," అన్నాను.

ముగ్గురూ తిరిగి చూశారు. "ఎవరు?" అన్నాడు పెద్దనాయన.

"చాందిని. బండ వేసినప్పటి నుంచి పండుకోలేదు. అందుకే మరక లేదు."

"గుర్రం నిలబడే నిద్రపోతాది గదమ్మా," అన్నాడు నాయన.

"నిలబడి కునుకు తీస్తాది," అన్నాడు బొజ్జన్న. "నిద్ర పోవల్లంటే పండుకోనే పోవల్ల. నిద్ర లేకుంటే నిలబడినకాడే మోకాళ్ల మీద పడతాది. ఎన్నాళ్లయింది పాపా?"

లోపలికి వెళ్లి డైరీ తెచ్చాను. ఇస్తే ఆయన చదువుకుంటాడనుకున్నాను. కళ్లజోడు తేలేదు, నువ్వే చదువు అన్నాడు. చదివాను. "ఏప్రిల్ ఐదు. మరక లేదు. కడిగే పని లేదు. ఏప్రిల్ ఆరు. కడిగే పని లేదు. ఏప్రిల్ ఏడు. కడిగే పని లేదు." ఏడో తేదీన ఇంకొక మాట ఉంది. అది చదవకుండా దాటేశాను. ఎవరూ చాలు అనలేదు. అందుకని మే ఎనిమిది దాకా చదివాను. ముప్పై నాలుగు రోజులు. చివరికి వచ్చేసరికి నా గొంతు వణకడం మానేసింది, అదే వాక్యం కాబట్టి.

నాయన కిందికి వంగాడు. మ్యాటు మూల ఎత్తి బండను వేలితో తట్టాడు. ఖణీమంది. చాలా మంచి బండ.

"అయితే కాళ్లు మంచివే," అన్నాడు బొజ్జన్న. "నిద్రే లేదు. పెద్ద ఈరన్నా, ఇప్పుడు నాకు ఇది ఇంకా కావల్ల."

ఉన్నమాట చెప్పి నేనే దాన్ని అమ్మేశానా అనిపించింది.

"మాట ఇచ్చినాను గదప్పా, తోలుకపో," అన్నాడు పెద్దనాయన. ఆయన గొంతులో ముందున్న గట్టితనం లేదు.

బొజ్జన్న నాయన వైపు చూశాడు, నా డైరీ వైపు చూశాడు. "నా కొట్టంలో ఇసుకనేల. ఆడికొస్తే మొదటిరోజే పండుకుంటాది. ఈడ మీరు పండుకోబెట్టగలిగితే మీది. పదిరోజులు ఆగి సోమవారం వస్తా. పొద్దున్నే వస్తా, కడగొద్దండి."

*

ఆయన ఆటో మలుపు తిరగకముందే నాయన గడ్డపార తెచ్చాడు. ఒక్క బండ కూడా పగలకుండా లేపాడు. పెద్దనాయన కాసేపు గోడకు ఆనుకొని చూసి, తర్వాత రెండో అంచు పట్టుకున్నాడు. "నా మాట పోతాంది, నా నడుమూ పోతాంది," అని గొణుగుతూనే మోశాడు. కింద గరుసు పోసి, నీళ్లు చల్లి, రెండు రోజులు దిమ్మిసతో కొట్టారు. కొంచెం వాలు పెట్టారు, ఉచ్చ నిలవకుండా.

మళ్లీ నంద్యాల వెళ్లాం. అంగడాయన నాయనను చూసి, "పలకలేదా?" అన్నాడు.

నాయన బొడిపెల మ్యాటు ముందు కూర్చున్నాడు. అలవాటుగా వేలు మడిచాడు. తట్టకుండానే చెయ్యి వెనక్కి తీసుకొని నా వైపు చూశాడు. "నువ్వు చెప్పు."

అంగట్లో ఇంకా నలుగురు ఉన్నారు. నేను ఎర్ర స్పాంజి మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాను. మోకాళ్లు నేలకు తగిలాయి. డెక్క పడితే రెండు రోజుల్లో చినుగుతుంది. పక్కన కొత్తగా వచ్చిన ఇంకోటి మోకాళ్లకు బాగానే ఉంది గాని, కాలిన టైరు వాసన. మూసి ఉన్న కొట్టంలో ఎండాకాలం ఆ వాసన చాందిని ముక్కులోకే పోతుంది. బొడిపెలదాని మీద నీళ్లు పోయమని అడిగాను. పోశాక దాని మీద మోకాళ్లు ఆనించి, బరువంతా వేసి, వందదాకా లెక్కపెట్టాను.

"మీ పాప ప్రార్థన చేస్తాందా ఏమప్పా?" అన్నాడు అంగడాయన.

"గుర్రం చేసే పని చేస్తాంది," అన్నాడు నాయన.

లేచి పక్కకు వాలి చూశాను. జారలేదు. "ఇది," అన్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అందరికీ వినపడింది.

రెండు మ్యాట్లు పక్కపక్కన, సందు లేకుండా పరిచి పైన కొంచెం వరిగడ్డి చల్లాం. చాందిని మ్యాట్ల నలుపును చూసి ఒక పూటంతా లోపలికి రాలేదు. వచ్చాక ముందుకాలితో గీకింది. వాసన చూసింది. నిలబడింది.

లేపిన బండలు వంటింట్లోకి వెళ్లాయి. అమ్మ మొదటిరోజు నీళ్లబిందెతో అడుగు పెట్టి గోడ పట్టుకుంది. "ఇదేందయ్యా, ఇంత జారుతాది? దాని బాధ నాకు పెట్టినావా?" అంది. అయినా సాయంత్రానికి రెండుసార్లు తుడిచింది. అక్కర్లేని పలచటి మ్యాటును కోసి పొయ్యి ముందు వేసుకుంది, కింద గోనెసంచి పెట్టి.

శుక్రవారం మరక లేదు. శనివారం లేదు. రాత్రుళ్లు మిద్దె మీద పడుకునేవాళ్లం, కొట్టం కనిపించదు. తెల్లారగానే నేను దిగి పరుగెత్తడం, చాందిని తెల్లగా నిలబడి నన్ను చూడడం. ఈడ పడుకోకపోతే అది బొజ్జన్న ఇసుకలోకి పోవడమే మంచిదని శనివారం డైరీలో రాశాను. రాసి కొట్టేశాను. కొట్టేసినా కనిపిస్తూనే ఉంది.

ఆదివారమూ లేదు. పెద్దనాయన వాకిట్లో నిలబడి గొంతు తగ్గించి, "ఇంత లద్ది తీసుకొని డొక్కకు పూస్తే అయిపాయె. ఎవరు చూస్తారు?" అన్నాడు.

"అమ్మేద్దామన్నది నువ్వే గదన్నా," అన్నాడు నాయన.

"అది అప్పుడు." పెద్దనాయన చూపు పక్కకు తిప్పుకున్నాడు. "పాప అన్ని రోజులు చదివె గదా. నాకూ నిద్ర పట్టడం లేదు."

*

సోమవారం నేను దిగేసరికి బొజ్జన్న అప్పటికే వాకిట్లో ఉన్నాడు. నాయన, పెద్దనాయన ఆయన పక్కన. నలుగురం ఒకేసారి కొట్టంలోకి చూశాం.

చాందిని ఎడమ డొక్క నుంచి తొడ దాకా పచ్చగా ఉంది.

బొజ్జన్న పెద్దనాయన వైపు తిరిగాడు. పెద్దనాయన రెండు చేతులూ చాపి చూపించాడు. "నాకేం తెల్వదప్పా. ఇప్పుడే లేచినా." నాకు నిన్నటి మాట గుర్తొచ్చింది. ఆయనే పూశాడేమో అనుకున్నాను. నాయన కూడా అదే అనుకున్నట్టున్నాడు, తల వంచుకున్నాడు.

బొజ్జన్న చెప్పులు విడిచి దగ్గరికి వెళ్లాడు. డొక్క మీద అరచేయి పెట్టబోయి ఆపి, వేలితో మెల్లగా ఒకచోట తాకాడు, తర్వాత దాని పక్కన, తర్వాత దాని కింద. నేనూ వెళ్లి చూశాను. మరక మధ్యలో తెల్లటి చుక్కలు. ఒక వరుస తర్వాత ఒక వరుస, వేలెడు ఎడంతో, తొడ దాకా. ప్రతి బొడిపె తన చోటు వదిలి చుట్టూ పచ్చ అద్దింది. చెంప మీద కూడా నాలుగు చుక్కలున్నాయి. చెవి వెనక గడ్డిపోచ ఒకటి అంటుకొని ఉంది.

"ముగ్గుకు పెట్టినట్టుండాయి," అన్నాడు బొజ్జన్న. "పెద్ద ఈరన్నా, ఇవి నువ్వు పెట్టిన చుక్కలు కావులే. నీకంత ఓపిక యాడిది?"

చెప్పులు వేసుకొని వాకిట్లోకి నడిచాడు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగాడు. పోతూ పోతూ మ్యాటు ఏ అంగట్లో కొన్నారో నన్ను అడిగాడు. చెప్పాను. ఏ రకమో, వాసన ఎట్లా చూడాలో కూడా చెప్పాను.

ఆయన వెళ్లాక పెద్దనాయన బకెట్టూ పీచూ తీసుకొని కొట్టం వైపు నడిచాడు.

"ఈ పొద్దు ఉండనీలే అన్నా," అన్నాడు నాయన.

చాందిని కళ్లు సగం మూసి, నాలుగు కాళ్ల మీదా సమంగా నిలబడి ఉంది. డెక్కల చప్పుడు లేదు.

నేను మెట్ల మీద కూర్చొని డైరీ తెరిచాను. "మే 19. కడిగే పని ఉంది," అని రాశాను. ఏప్రిల్ ఏడున రాసి, ఆ రోజు వాళ్ల ముందు చదవకుండా దాటేసిన మాటను దాని పక్కన మళ్లీ రాశాను: "హాయి."